70 వేలలో గేమింగ్ కంప్యూటర్: సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

2024 దీపావళికి రెండు వారాల ముందు, ఒక ఆదివారం పొద్దున మా అక్క కొడుకు ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి ఒక కొటేషన్ కాగితం నా చేతిలో పెట్టాడు. ఎంసెట్‌లో సీటు వస్తే గేమింగ్ కంప్యూటర్ కొనిస్తానని బావ మాటిచ్చాడు. సీటు వచ్చింది. బావ చిట్టీ ఎత్తి 70 వేలు పక్కన పెట్టాడు. వీడేమో స్నేహితులతో వెళ్లి కొటేషన్ రాయించుకొచ్చాడు.

"చిన్నమ్మా, 45 వేలకే మొత్తం సెట్ వస్తోంది. ఇంకా 25 వేలు మిగులుతాయి" అన్నాడు. వాడి ముఖంలో ఉన్న సంతోషం చూస్తే కాదనబుద్ధి కాలేదు.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కంప్యూటర్లు విప్పడం, దుమ్ము దులపడం, పోయిన భాగం మార్చి మళ్లీ బిగించడం నా రోజువారీ పని. ఏ భాగం ఎందుకు పోతుందో చేతులతో చూసి నేర్చుకున్నాను. ఆ కాగితం మీద ఇలా ఉంది: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, గేమింగ్ క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), 22 అంగుళాల మానిటర్, లైట్ల కీబోర్డు, మౌస్. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. కానీ ఒక్కదానికీ మోడల్ నంబర్ లేదు.

కొటేషన్‌లో మోడల్ నంబర్ రాయని చోటే మీ డబ్బు పోతుంది. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. షాపుకి ఫోన్ చేసి ఐ5లో ఏ జనరేషన్ అని అడిగాను. "థర్డ్ జెన్ మేడమ్, గేమింగ్‌కి సూపర్ ఉంటది" అన్నాడు అవతలి అబ్బాయి. మూడో జనరేషన్ ఐ5 అంటే 2012లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్. ఆఫీసులు వదిలేసిన కంప్యూటర్ల నుంచి తీసినవాటిని కొత్తగా తయారైన చవక మదర్‌బోర్డులో పెట్టి, మెరిసే క్యాబినెట్‌లో బిగిస్తారు. ఆ ప్రాసెసర్ విడిగా అడిగితే రెండు వేలలోపే దొరుకుతుంది. ఇక 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు అంటే జీటీ 730 అట. అది 2014 నాటిది. అందులో ఉన్నది పాత రకం నెమ్మది మెమరీ, 4 జీబీ ఉన్నా ఈనాటి గేమ్‌కి పనికిరాదు.

వాడికి ఇంకో సంగతి కూడా చెప్పాను. మావాడు ఎక్కువగా ఆడేది వాలరంట్. విండోస్ 11లో ఆ గేమ్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్‌కి ముందువాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోతుందని అప్పటికే తెలుసు. అంటే ఆ 45 వేల పెట్టె ఏడాది తిరిగేసరికి చిక్కుల్లో పడేది.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే మనమే లిస్టు రాద్దాం" అన్నాడు. ఆ రోజు మేం రాసుకున్న క్రమం ఇక్కడ చెబుతున్నాను. ధరలు మేం కొన్నప్పటివి. మీరు చదివే రోజుకి మారి ఉంటాయి, కానీ ఏది ముందు చూడాలి, దేనికి ఎంత వాటా ఇవ్వాలి అన్నది పెద్దగా మారదు.

మొదట రాయాల్సింది ప్రాసెసర్ పేరు కాదు, మీరు ఆడే గేమ్‌ల పేర్లు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డుతోనే మంచి వేగం ఇస్తాయి. పెద్ద కథలతో, విశాలమైన ఊళ్లతో ఉండే గేమ్‌లు గ్రాఫిక్స్ కార్డు మీద భారం వేస్తాయి. మావాడి లిస్టులో వాలరంట్ ఉంది, జీటీఏ 5 ఉంది, క్రికెట్ ఉంది. సెలవుల్లో ఒకటో రెండో పెద్ద గేమ్‌లు ఆడాలని కోరిక. ఇది మామూలు లిస్టే, చాలామంది పిల్లలది ఇదే.

రెండోది మానిటర్. దీన్ని చివరికి వదిలేసేవాళ్లే ఎక్కువ. పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ వంటవాడు, గ్రాఫిక్స్ కార్డు వడ్డించేవాడు, మానిటర్ సెకనుకి ఎన్ని బొమ్మలు చూపగలదో అన్ని విస్తళ్లు వేసినట్టు లెక్క. 60 హెర్ట్జ్ మానిటర్ అంటే సెకనుకి 60 విస్తళ్లే. లోపల 140 మందికి వండి వడ్డించినా బయట తినేది 60 మందే. వంటవాడు నెమ్మదైతే వడ్డించేవాడు గరిటె పట్టుకుని ఖాళీగా నిలబడతాడు. అందుకే మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా ఎంచుకోవాలి. 70 వేలలో 24 అంగుళాల 1080పీ (తెర మీద 1920 x 1080 చుక్కలు), 144 హెర్ట్జ్ లేదా ఆపైన ఉండే ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర) మానిటర్ సరైన జోడీ. 1440పీ మానిటర్ చూసి ఆశపడకండి. అందులో చుక్కల సంఖ్య 1080పీ కంటే దాదాపు 78 శాతం ఎక్కువ, ఆ భారమంతా కార్డు మోయాలి. మాకు 165 హెర్ట్జ్ మానిటర్ 9,400కి దొరికింది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. క్యాబినెట్ లోపలికి పెట్టే డబ్బులో మూడో వంతు, ఇంకాస్త ఎక్కువ కూడా దీనికే ఇవ్వండి. మేం ఆర్‌ఎక్స్ 6600 తీసుకున్నాం. 8 జీబీ మెమరీ, 132 వాట్ల కరెంటు, ఒకే 8 పిన్ కనెక్టర్. 2021 అక్టోబర్‌లో వచ్చిన కార్డే అయినా 1080పీకి నమ్మకంగా పనిచేస్తుంది. 20,400 పడింది. అదే షాపులో మొదట మాకు చూపించింది ఆర్‌టీఎక్స్ 3050. ఆ పేరుతో రెండు వేర్వేరు కార్డులు ఉన్నాయి: 8 జీబీది ఒకటి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీది ఇంకొకటి. 6 జీబీది 70 వాట్లతోనే నడుస్తుంది, చాలా మోడళ్లకి విడిగా పవర్ కనెక్టర్ కూడా అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ చేర్చాలనుకునేవాళ్లకి అది మంచిదే, కానీ వేగం 8 జీబీ దానికంటే తక్కువ. పెట్టె మీద పెద్ద అక్షరాలు ఒక్కటే, లోపలి సరుకు వేరు. మోడల్ నంబర్‌తో పాటు మెమరీ ఎంతో కూడా బిల్లులో రాయించాలని చెప్పేది ఇందుకే.

ఇంకో కార్డు గురించి హెచ్చరిక. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా కనిపిస్తుంది. చాలావాటిలో 4 జీబీయే ఉంటుంది, బోర్డుతో మాట్లాడే దారులు కూడా నాలుగే. పీసీఐఈ (కార్డు బోర్డుతో మాట్లాడే పద్ధతి) 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే ఆ నాలుగు దారుల వేగం సగానికి పడిపోయి గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ఇప్పుడు కొనేవాళ్లకి ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 లాంటివి ఉన్నాయి. ఏదైనా సరే, 8 జీబీకి తగ్గకండి. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, ధరకి తగ్గ కార్డే. కాకపోతే దానికి బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు) రీసైజబుల్ బార్ అనేది, అంటే కార్డు మెమరీ మొత్తం ప్రాసెసర్‌కి ఒకేసారి అందేలా చేసేది, ఆన్ చేయాలి, పక్కన మంచి ప్రాసెసర్ ఉండాలి. పాత కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లు దాన్ని ఎంచుకోకపోవడమే మేలు.

సెకండ్ హ్యాండ్ కార్డు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకోవచ్చు, కానీ మూడు షరతులు. కార్డు మీది సీరియల్ నంబర్, పాత జీఎస్టీ బిల్లు మీది నంబర్ ఒకటే ఉండాలి. వారంటీ కొంతైనా మిగిలి ఉండాలి. మీ కళ్ల ముందు కంప్యూటర్‌లో పెట్టి కనీసం 20 నిమిషాలు గేమ్ నడిపించాలి, ఆ సమయంలో తెర మీద రంగు చుక్కలు, గీతలు రాకూడదు, ఫ్యాన్ల దగ్గర గరగర వినిపించకూడదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుని, గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ (లెక్కలు కట్టి ఆ కరెన్సీ సంపాదించడం) అక్కర్లేకుండా చేశాక, రాత్రింబగళ్లు మైనింగ్‌లో నలిగిన కార్డులు చాలా అమ్మకానికి వచ్చాయి. వాటన్నిటినీ పాడైపోయినవి అనలేం, కానీ నడిపి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ప్రాసెసర్ దగ్గర మాకు పెద్ద ఆలోచన పట్టలేదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600, ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), 65 వాట్లు. పెట్టెలోనే కూలర్ వస్తుంది, దాని అడుగున పేస్టు పూసే ఉంటుంది. 11,200. ఇక్కడ కూడా పేర్లలో మోసపోయే వీలుంది. 5600కి, 5600జీకి, 5500కి తేడా ఒక్క అక్షరమో, ఒక్క అంకో అనిపిస్తుంది. కానీ 5600లో 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ), పీసీఐఈ 4.0 ఉంటే, మిగతా రెండింటిలో 16 ఎంబీ, పీసీఐఈ 3.0. 5600జీలో సొంత గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి, ఇప్పుడు కార్డు కొనలేక ఆరు నెలల తర్వాత కొందామనుకునేవాళ్లకి అది దారి చూపిస్తుంది. ఇంటెల్ వైపు ఐ5 12400ఎఫ్ ఇదే స్థాయి, ఇంకా తక్కువ బడ్జెట్ అయితే నాలుగు కోర్ల ఐ3 12100ఎఫ్. చివర 'ఎఫ్' ఉంటే సొంత గ్రాఫిక్స్ లేదని అర్థం, కార్డు తప్పనిసరి. రైజెన్ 5 5600లో కూడా సొంత గ్రాఫిక్స్ లేదు.

మాది ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), కొత్త ఏఎం5 ఎందుకు తీసుకోలేదని మావాడి స్నేహితుడు అడిగాడట. భవిష్యత్తులో ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా అని. నిజమే. కానీ ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, బోర్డుల ధర ఎక్కువ. ఆ తేడా డబ్బు తెస్తే గ్రాఫిక్స్ కార్డు నుంచే తేవాలి. ఈ రోజు ఆడే ఆట తగ్గించుకుని నాలుగేళ్ల తర్వాతి ఆటకి దాచడం 70 వేల బడ్జెట్‌లో నాకు సబబుగా అనిపించలేదు. మీ బడ్జెట్ లక్ష దగ్గర ఉంటే మాత్రం ఏఎం5 వైపే చూడండి.

మదర్‌బోర్డు బీ550ఎం, 8,600. ఏ520 తీసుకుంటే రెండు మూడు వేలు మిగులుతాయి, కానీ దాంట్లో పీసీఐఈ 3.0యే. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది దారులతోనే పనిచేసే కార్డు, కాబట్టి 4.0 బోర్డు పెట్టించాను. ప్రాసెసర్ సాకెట్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగాల మీద వేడిని లాగే లోహపు హీట్ సింక్ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. నాలుగు ర్యామ్ స్లాట్లు ఉంటే మరీ మంచిది. పాత స్టాకు బీ450 బోర్డు ఇస్తే, 5000 సిరీస్ ప్రాసెసర్‌కి బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగండి. ఇంటికొచ్చాక తెర నల్లగా ఉండిపోతే చాలా టెన్షన్.

ర్యామ్ 16 జీబీ, అదీ 8 జీబీవి రెండు. ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు స్టిక్కులు మేలు, ఎందుకంటే ప్రాసెసర్ రెండు చానెళ్ల మీదుగా ఒకేసారి చదువుకుంటుంది. గేమ్‌లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. మాకు డీడీఆర్4 3200 జత 3,400కి వచ్చింది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల వైపు మెమరీ చిప్పులు మళ్లి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి, కాబట్టి ఈ ధర మీకు దొరకదు. ఇంట్లో పాత కంప్యూటర్‌లో డీడీఆర్4 స్టిక్కులు ఉంటే పారేయకండి, ఏఎం4 బోర్డులో అవే పనికొస్తాయి.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ (బోర్డుకే బిగించే వేగమైన రకం), 5,300. డబ్బు సరిపోకపోతే కోత పెట్టాల్సిన చోటు ఇదే. 500 జీబీతో మొదలుపెట్టి తర్వాత రెండోది చేర్చుకోవచ్చు. పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా తింటుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునే భాగం దగ్గరికి వచ్చాను. ఎస్‌ఎంపీఎస్. కొటేషన్‌లో దీన్ని విడిగా కూడా రాయరు, "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని తోసేస్తారు. 2019లో మా తమ్ముడి కంప్యూటర్‌కి నేను కూడా అలాంటి పెట్టే తీసుకున్నాను. పైన 450 వాట్స్ అని స్టిక్కరు ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది, అప్పుడే అనుమానించాల్సింది. ఏడో నెలలో, మే నెల సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్ మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే 800 రూపాయలతో సరిపోయేది. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. తమ్ముడి ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. ఆ రాత్రి వాడు నోరెత్తి నన్ను ఏమీ అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

లెక్క వేసుకుందాం. ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, బలంగా నడిచేటప్పుడు ఇంకొంచెం లాగుతుంది. కార్డు 132. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ కలిపి 50 అనుకోండి. 300 దాటదు. కాబట్టి మంచి కంపెనీ 550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికెట్ (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నది పుష్కలంగా చాలు. 750 వాట్స్ కొనమని ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు. వాట్ల అంకె ఒక్కటే చూడకండి, వారంటీ చూడండి. తన వస్తువు మీద నమ్మకం ఉన్న తయారీదారు అయిదేళ్లు ఇస్తాడు. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించి ఉండే పట్టికలో 12 వోల్ట్ వరుస చూడండి. అక్కడ రాసిన వాట్లు మొత్తం వాట్లకి దగ్గరగా ఉండాలి. పైన 450 అని రాసి 12 వోల్ట్ వరుసలో 200 వాట్లే చూపిస్తే, మీ కార్డుకీ ప్రాసెసర్‌కీ దక్కేది ఆ 200 వాట్లే. మేం 4,300 పెట్టాం. మొత్తం లిస్టులో నేను ఒక్క రూపాయి కూడా బేరం ఆడనిది దీని దగ్గరే.

క్యాబినెట్ ముందు భాగం జల్లెడలా ఉండాలి, అద్దం పలకలా ఉండకూడదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో గదిలో గాలే వేడిగా ఉంటుంది, దాన్నే లోపలికి పీల్చి చల్లబరచాలి. ముందు రెండు, వెనక ఒక ఫ్యాన్ చాలు. కింద, ముందు తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్లు ఉండాలి. రోడ్డు పక్క ఇళ్లలో వాటిని పదిహేను రోజులకొకసారి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. 3,400 అయింది.

ఇంతవరకు కూడితే 56,600. మానిటర్ 9,400, కీబోర్డు మౌస్ 1,600. మొత్తం 67,600. విండోస్ లైసెన్సు బావ విడిగా కొన్నాడు. షాపుల్లో ఉచితంగా వేసిచ్చే యాక్టివేటర్ల (లైసెన్సు లేకుండా విండోస్ నడిపించే ప్రోగ్రాంలు) వల్ల మా ల్యాబ్‌లోకి వైరస్‌లు రావడం చూశాను, అందుకే వద్దన్నాను.

మిగిలిన 2,400 ఎక్కడ పెట్టామో చెబితే కొందరికి వింతగా అనిపించవచ్చు. అక్కవాళ్లది రామంతాపూర్‌లో పాత ఇల్లు. వాడి గదిలో ప్లగ్‌కి మూడు రంధ్రాలు ఉన్నా, పైనున్న పెద్ద రంధ్రానికి వెనక తీగ లేదు. ఎర్త్ లేని ఇళ్లలో క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకితే చీమ కుట్టినట్టు జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల నాయిస్‌ని వడకట్టే కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని బాడీకి పంపిస్తాయి, అది ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. దారి లేకపోతే బాడీ మీదే నిలుస్తుంది. అందరూ దీన్ని "కొంచెం షాక్ కొడుతుంది అంతే" అని వదిలేస్తారు. వదిలేయకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మీటర్ బోర్డు దగ్గర నుంచి ఎర్త్ తీగ లాగించాం, 1,900 తీసుకున్నాడు. 500 పెట్టి మంచి స్పైక్ గార్డు కొన్నాం.

యూపీఎస్ తర్వాత తీసుకోవచ్చు, కానీ మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకానే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. 1 కేవీఏ తరగతిది చూడండి.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే వెళ్లాం. సీటీసీ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. ఉప్పల్ నుంచి బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి నడక. బరువు పెట్టెలతో తిరిగి రావాలి కాబట్టి వెంట ఇంకొకరు ఉంటే మంచిది. మేం వారం మధ్యలో, పొద్దున పదకొండున్నరకి వెళ్లాం. ఆ సమయంలో షాపువాళ్లకి మాట్లాడే ఓపిక ఉంటుంది.

మా పద్ధతి ఇది. లిస్టు రెండు కాపీలు తీసుకెళ్లాం, ప్రతి వరుసలో పూర్తి మోడల్ నంబర్, పక్కన ముందురోజు రాత్రి ఆన్‌లైన్‌లో చూసిన ధర. అయిదు షాపులు తిరిగి ఆ ఖాళీల్లో వాళ్ల ధరలే రాయించుకున్నాం. "ఇది స్టాకు లేదు, దీనికి ఈక్వల్ ఉంది" అన్నచోట ఆ ఈక్వల్ పేరు కూడా రాయించి, బయటికొచ్చి ఫోన్‌లో వెతికి చూశాం. రెండు సార్లు ఆ ఈక్వల్ నిజంగానే సమానం, ఒకసారి కాదు. మొత్తం ఒకే షాపులో కొంటే గుండుగుత్తగా తగ్గిస్తారు, కానీ ఒక్కో వస్తువు ధర విడిగా తెలిశాకే ఆ బేరానికి దిగండి. మూడు షాపుల్లో "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అన్నారు. ఈ భాగాల మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి ఆశ పుడుతుంది. వద్దు. వారంటీ కోసం వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ బిల్లే. బిల్లు మీద ప్రతి వస్తువు మోడల్, సీరియల్ నంబర్ ఉండేలా చూడండి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోనే తీసుకోండి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కి షాపువాడి మాటే వారంటీ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుకి ఇండియా వారంటీ ఉందా అని కూడా అడగండి, బయటి దేశం నుంచి తెచ్చిన కార్డుకి ఉండకపోవచ్చు.

అసెంబ్లీ షాపులో చేసిస్తారు, అయితే నేను మావాడి చేతే చేయించాను, నేను పక్కన కూర్చున్నాను. అంత కష్టం కాదు, తొందర ఉండకూడదు. ముందు ఇనుప క్యాబినెట్‌ని ఒకసారి ముట్టుకుని ఒంట్లో ఉన్న స్టాటిక్ వదిలించుకోండి. మదర్‌బోర్డుని దాని పెట్టె మీదే పెట్టి ప్రాసెసర్ బిగించండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మూలనున్న చిన్న త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలిసేలా వదిలితే దానంతటదే దిగుతుంది. నొక్కారంటే పిన్నులు వంగుతాయి. ఇంటెల్‌లో అయితే పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ వేలు తగలకూడదు. నాలుగు స్లాట్లున్న బోర్డులో ర్యామ్ రెండు స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో వెళ్లాలి. ప్రాసెసర్ కరెంటు తీగ, గ్రాఫిక్స్ కార్డు కరెంటు తీగ రెండూ 8 పిన్నులే, కానీ ఒకటి కాదు. తీగ మీద సీపీయూ (ప్రాసెసర్‌ది) అని, పీసీఐఈ (కార్డుది) అని రాసి ఉంటుంది, చదివి పెట్టండి. క్యాబినెట్‌లో బోర్డు కింద పెట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు స్క్రూ రంధ్రాల కిందే ఉండాలి, ఒక్కటి ఎక్కువైనా బోర్డు షార్ట్ అవ్వొచ్చు.

ఆన్ చేశాక వాడి తెర మీద ఏమీ రాలేదు. ముఖం తెల్లబోయింది. మానిటర్ తీగ మదర్‌బోర్డుకి పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డుకి మార్చగానే వచ్చింది. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది, సర్వీసుకి పరుగెత్తే ముందు ఇది చూడండి.

తర్వాత రెండు సెట్టింగులు తప్పకుండా మార్చాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ అని ఉన్నది ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ తన పూర్తి వేగంతో కాకుండా చాలా తక్కువ వేగంతో నడుస్తూ ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు మార్చండి. 165 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడినవాళ్లని నేను చూశాను.

మొదటి రోజు అరగంట గేమ్ ఆడించి వేడి చూసుకోండి. రైజెన్ 5 5600కి గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. మావాడిది నవంబర్‌లో 70 దాటలేదు. మేలో ఫోన్ చేసి, "చిన్నమ్మా, 84 చూపిస్తోంది" అన్నాడు. వెళ్లి చూస్తే అక్క కంప్యూటర్ టేబుల్ కింది అరలో తలుపు వేసి పెట్టింది, దుమ్ము పడుతుందని. బయటికి తీసి గోడకి జానెడు దూరంలో పెట్టాం, ఫిల్టర్ కడిగాం. 75కి దిగింది.

పెట్టెలు పారేయకండి, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డుదీ మదర్‌బోర్డుదీ. రిపేరుకి పంపాలంటే భద్రంగా పెట్టడానికి వాటిని మించినవి లేవు. బిల్లు ఇంకు ఏడాదికల్లా వెలిసిపోతుంది కాబట్టి కొన్న రోజే ఫోటో తీసి, సీరియల్ నంబర్ స్టిక్కర్ల ఫోటోలతో కలిపి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. మావాడివి నా ఫోన్‌లో ఉన్నాయి, పెట్టెలు అక్కవాళ్ల అటక మీద ఉన్నాయి.